గాజుబిళ్ళలో అనంతమ్మ

“మొగోడంట. ఇన్నేండ్లు పరాయి మొగోన్ని మెడల కట్టుకోని తిరిగిన. నువ్వేమో పండ్లికిలిస్తున్నవ్.”

“నేనేడ నవ్విన్నే?”

“నవ్వినవ్. ఆ మేడం చెప్తుంటె నవ్వినవ్. ఇగ తియ్యి. నువ్వే ఏసినవ్, నువ్వే తియ్యి.”

“ఆమె చెప్పంగనె అయిపోతదా? ఆమె చూసిందా అనంతమ్మను?”

“అక్కను చూడలే. మొగోళ్ళను చూసింది గద.”

మట్టిగోడకు ఇవతల రామన్న ఊదుగొట్టం నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు. కుంపట్లో బొగ్గు నల్లబడుతున్నా మళ్ళీ ఊదలేదు. పక్కింటి కొట్లాట వినడం అతనికి కొత్తేం కాదు. దుమ్ముగూడెంలో ఆ వీధి ఇళ్ళన్నీ వీపుకు వీపు ఆనించి కట్టినవి. ఇక్కడ తాళింపు పెడితే అక్కడ దగ్గు వస్తుంది. కానీ ఈ కొట్లాటలో అతనికీ వాటా ఉంది. ఉప్పలమ్మ తియ్యమంటున్న ఆ గాజుబిళ్ళకు చుట్టూ వెండి కట్టు కట్టి, పైన కొక్కెం పెట్టి, ఆమె పుస్తెల పక్కకు ఎక్కించిన కంసాలి ఈ రామన్నే.

అసలు సంగతి తెలియాలంటే మొండయ్య దగ్గర్నుంచి రావాలి.

మొండయ్య గాజులమ్ముకునేవాడు. గాజుల మలారం భుజాన వేసుకొని గోదారి గట్టెంబడి పైకి, చర్ల దిక్కు ఊళ్ళన్నీ తిరిగేవాడు. కోయగూడేలు, లంబాడి తండాలు, మధ్యలో ఫారెస్టోళ్ళ క్వార్టర్లు. పెళ్ళాం అనంతమ్మ ఇంకో చిన్న మూట పట్టుకొని వెనకాల నడిచేది. పిల్లల్లేరు. పొలం లేదు. ఉన్నదల్లా ఆ రెండు మూటలు, ఒక పిచ్చి.

పిచ్చి ఏందంటే గాజు మొకాలు. రూపాయి బిళ్ళ కంటే పెద్దవి, అరచేతిలో ఇమిడేవి, చిక్కటి గంజి పేరినట్టు తెల్లగా ఉండే గాజుబిళ్ళలు. ఒక్కోదాని మీద ఒక్కో మనిషి మొకం ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది. అన్నీ పక్కకు చూసే మొకాలే. ఒక కన్ను, ఒక చెవి, మెడ మీదికి జుట్టు. గోదారి మీద లాకులు కట్టే కాలంలో ఒక తెల్లదొర వీటిని తన దేశం నుంచి చెక్కపెట్టెలో తెచ్చుకున్నాడనీ, అప్పటికే అవి అతని తాతలనాటివనీ, దొర జ్వరమొచ్చి పోతే వంటోడు, పడవోళ్ళు, చాకలోళ్ళు చేతికందింది తీసుకున్నారనీ ఊళ్ళో చెప్పుకుంటారు. చూసినోడు ఎవడూ బతికి లేడు. ఏమైతేనేం, ఆ మొకాలు చేతులు మారి మారి అడివిలోకి పోయి చెదిరిపోయాయి.

మొదటిది దొరికింది అనంతమ్మకే. ఒక కోడె నొసటి మీద గవ్వల మధ్యలో కుట్టి ఉంటే, దాన్ని చూస్తూ నిలబడిపోయిందట. కోడె యజమానికి డజను గాజులిచ్చి విడిపించారు. తర్వాత మొండయ్యకు అదే ధ్యాస అయింది. ఏ ఊరికి పోయినా గాజులమ్మడం అయ్యాక, తెల్ల గాజుబిళ్ళ ఏమన్నా ఉందా అని అడిగేవాడు. పిల్లల దిష్టితాడుకు ఒకటి దొరికేది. గొర్ల మందలో పెద్దపొట్టేలు మెడకు ఒకటి. హాతీరాం అనే లంబాడాయన తండాలో అయితే అతని తల్లి రవిక మీద అద్దాల నడుమ ఒకటి కుట్టి ఉండేది. హాతీరాం దాన్ని తనే కత్తితో ఊడదీసి ఇచ్చాడు. “అద్దంల చూస్తె మన మొకం కనపడాలె. దీంట్ల ఎవడో కనపడుతున్నడు. తీస్కపో” అన్నాడు. ఒక కోయగూడెంలో మాత్రం కులదేవతలను దాచే వేల్పుల బుట్టలో ఒకటుండేది. మొండయ్య దాన్ని ఎప్పుడూ అడగలేదు. ఏడాదికోసారి పోయి, బుట్ట తీసే రోజున దూరంగా నిలబడి చూసి, దండం పెట్టి వచ్చేవాడు.

ఒకసారి చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన మలారం విప్పించి, ఈ మొకాలు చూసి, చేతబడి చేస్తున్నావా అని పొద్దుగూకేదాకా కూర్చోబెట్టాడు. చివరికి అనంతమ్మే వాదించి గెలిచింది. చేతబడి చేసేవాళ్ళమైతే ఇట్ల కాళ్ళు అరిగేలా నడుస్తామా, ఎగిరి పోమా అని అడిగిందట. పోలీసాయన పెళ్ళానికి గాజులు తొడిగి మరీ వచ్చారు.

ఇంటికొచ్చాక ఆమె ఆ మొకాలను కుంకుడు రసంతో కడిగి చాప మీద ఆరబెట్టేది. ఒక్కోదానికి ఒక్కో పేరు. వీడు ఫారెస్టు గార్డు. వీడు సూదులేసే డాక్టరు. వీడు కల్లు రావడం ఆలస్యమైనప్పటి మీ మేనమామ. రామన్న గోడ ఇవతల పని చేసుకుంటూ ఆ మాటలకు నవ్వుకునేవాడు. పిల్లల్లేని ఇంట్లో అంత సందడి ఎట్లా ఉంటుందో అతని పెళ్ళానికి అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఒక ముసలామె వడ్ల గుమ్మికి కట్టుకున్న బిళ్ళ దొరికింది. మిగతావాటి కంటే నున్నగా ఉంది. జుట్టు పైకి దువ్వి, వెనకాల రిబ్బను కట్టిన మొకం, మెడ కింద కుచ్చులు. మొండయ్య దాన్ని తెచ్చి అనంతమ్మ చెంప పక్కన పెట్టి, ఇది నువ్వేనే అన్నాడు.

“నా ముక్కు గంత పొడుగున్నదా? పోయి కండ్లు చూపిచ్చుకో” అంది అనంతమ్మ. అన్నదే గానీ ఆ బిళ్ళను అందరితో పాటు పెట్టెలో వెయ్యలేదు. కుంకుమ డబ్బా పక్కన గూట్లో పెట్టుకుంది.

ఆమెకు ఫొటో లేదు. ఆ రోజుల్లో ఆ వీధిలో ఎవరికుంది? భద్రాచలంలో నవమి జాతరకు ఫొటోలు తీసేవాడు పర్దా కట్టుకొని కూర్చునేవాడు. ప్రతి ఏడాదీ అనుకునేవారు. కొత్త చీర కొన్నాక దిగుదాం అనేది ఆమె. డెబ్బై అయిదో సంవత్సరం వానల్లో ఆమెకు మెదడుకెక్కే జ్వరం వచ్చింది. ఎడ్లబండిలో భద్రాచలం దవాఖానాకు తీసుకపోతుంటే దారిలో వాగు పొంగి ఉంది. వాగు తగ్గేదాకా ఒడ్డున ఆగారు. వాగు తగ్గింది. అప్పటికి దవాఖానాతో పని లేకుండా పోయింది. బండి తొయ్యడానికి పోయిన నలుగురిలో రామన్న ఒకడు. ఎడ్లను ఇంటి దిక్కు తిప్పింది అతనే.

మరుసటేడు ముదిగొండ దిక్కు నుంచి ఉప్పలమ్మ రెండో పెళ్ళాంగా వచ్చింది. పేదింటి పిల్ల, నోరు గట్టిది, మనసు దానికంటే గట్టిది. మొదటి కాన్పు పురిట్లోనే పోయింది. రెండోవాడికి ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేసేవాడు. సోది చెప్పే ఆమె చేట ముందు కూర్చొని ఒకే మాట చెప్పింది. ముందొచ్చినామె జాగా అడుగుతున్నది.

ఆ జాగా ఏందో ఆ దిక్కు అందరికీ తెలుసు. మొదటి పెళ్ళాం పోయి రెండోదాన్ని చేసుకున్నవాడి ఇంట్లో, రెండో ఆమె మెడలో మొదటామె రూపు ఉండాలి. సవతి రూపు అంటారు. చిన్న వెండిబిళ్ళ, దాని మీద ఆడమనిషి మొకం, పుస్తెల పక్కనే వేలాడాలి. చచ్చినామె కడుపు చల్లబడుతుందని, పిల్లల జోలికి రాదని నమ్మకం. రామన్న దగ్గర దానికి ఒక ఇత్తడి అచ్చు ఉండేది. వెండి రేకు పెట్టి సుత్తెతో ఒక్కటేస్తే చాలు, కళ్ళు, ముక్కు, బొట్టు పడిపోతాయి. చుట్టుపక్కల చచ్చిపోయిన పెళ్ళాలందరిదీ ఒకటే మొకం.

మొండయ్య వచ్చి గూట్లోని గాజుబిళ్ళ అతని ముందు పెట్టాడు. అచ్చు వద్దన్నాడు. అనంతమ్మ మొకం తన దగ్గరే ఉన్నదన్నాడు.

రామన్న బిళ్ళను వెలుతురుకు ఎత్తి చూశాడు. అనంతమ్మ అతని కొట్లో మెట్టెలు సాగదీయించుకోవడానికి ఎన్నోసార్లు కూర్చున్న మనిషి. ఈ బిళ్ళలో ఆమె లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొండయ్య ఆ బిళ్ళ కేసి చూస్తున్న చూపు చూశాక ఎవడు చెప్తాడు? పోయినామెను రెండోసారి చంపినట్టవుతుందని మింగేశాడు. నిప్పు తగిలితే గాజు పగులుతుంది కాబట్టి, కట్టును ముందే చేసి పెట్టుకొని, చల్లటి వెండినే కొద్దికొద్దిగా అంచు మీదికి ఒత్తుకుంటూ కూర్చున్నాడు. గడప దగ్గర పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకొని ఉప్పలమ్మ కూడా కూర్చుంది. పని అయ్యేదాకా చూసి, అక్క ఇట్లనే ఉండేదా బావా అని అడిగింది.

“అవ్” అన్నాడు రామన్న, తలెత్తకుండా.

పిల్లవాడు బతికాడు. ఫిట్స్ మందులకు తగ్గాయో, వయసుకు తగ్గాయో, రూపుకు తగ్గాయో, ఎవరికి నచ్చింది వాళ్ళు అనుకున్నారు. ఉప్పలమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. శుక్రవారం శుక్రవారం ఆ బిళ్ళకు పసుపునీళ్ళ స్నానం, నొసట బొట్టు. పండగ పూట తలంటు. అన్నం కలిపాక మొదటి ముద్ద దాని పెదాలకు తాకించి గానీ తను తినేది కాదు. అంతటితో ఆగితే అది ఆచారమే. ఆమె దానితో మాట్లాడేది. అక్కా, చింతకాయ తొక్కులో ఉప్పెక్కువైంది చూడు. అక్కా, మీ ఆయన ఇయ్యాల గూడ ఎవరికో అరువిచ్చొచ్చిండు, నువ్వున్నప్పుడు గిట్లనే చేసేటోడా? పుట్టింట్లో ఆమెకు అక్కచెల్లెళ్ళు లేరు. మెట్టినింట్లో దొరికిన అక్క ఇదే.

మొండయ్య సంగతి ఇంకోరకం. అతను ఆ బిళ్ళతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఉప్పలమ్మ అన్నం వడ్డించడానికి వంగినప్పుడు అది ముందుకు ఊగితే, ఒక్క లిప్తపాటు చూసి తల దించుకునేవాడు. రోజుకు రెండుసార్లు. అంతే. అయినా దాని కోసమే ఇంటికి వస్తున్నట్టు ఉండేది అతని వాలకం. మొకాలు ఏరడం మాత్రం మానలేదు. పెట్టె నిండింది. ఎందుకు ఏరుతున్నావని అడిగితే సరిగా చెప్పలేకపోయేవాడు. ఇవన్నీ ఆమె చుట్టాలు కదా, ఎక్కడెక్కడో పడి ఉంటే ఎట్లా అన్నాడు ఒకసారి రామన్నతో.

ఇన్నేళ్ళూ ఇట్లా గడిచిపోయాయి. ఎనభై ఎనిమిదిలో ఇరిగేషన్ ఇంజినీరు ఒకాయన కొత్తగా వచ్చాడు. ఆయన భార్య ప్రమీలారాణి ఖమ్మంలో కాలేజీ లెక్చరర్, చరిత్ర చెప్పేది. సెలవులకు వచ్చినావిడ గాజులు తొడిగించుకోవడానికి మొండయ్య ఇంటికే వచ్చింది. ఉప్పలమ్మ మంచినీళ్ళిస్తుంటే మెడలో బిళ్ళ కంటపడింది. ఒకసారి చూడొచ్చా అని అడిగింది. మంచావిడ. తియ్యమనలేదు, తనే వంగి చూసింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అంది.

మొండయ్యను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. పెట్టె తెచ్చి చాప మీద గుమ్మరించాడు. ఏది ఎక్కడ దొరికిందో, ఏ పొట్టేలు మెడలో, ఏ తల్లి రవిక మీద, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆవిడ కూడా ఆనందపడింది. ఇవి రెండు వందల ఏళ్ళ కిందటివి అయ్యుంటాయంది. మైనంతో మొకం చేసి, దానికి అచ్చు తీసి, అందులో గాజు పోసేవారనీ, మనం స్టూడియోకి పోయినట్టు ఆ కాలపు పెద్దమనుషులు పోయి తమ మొకాలు పోయించుకునేవారనీ చెప్పింది. మొండయ్య మధ్యమధ్యలో గోడ వైపు చూసి, అన్నా వింటున్నవా అని అరిచాడు. రామన్న విన్నాడు.

అప్పుడు మొండయ్య, వీళ్ళంతా దొరలు, మా ఆమె మెడలో ఉన్నదొక్కటే దొరసాని అన్నాడు.

అక్కడ ఆవిడ ఊరుకోవాల్సింది. చదువుకున్నోళ్ళకు తెలిసినదాన్ని కడుపులో పెట్టుకోవడం రాదు. ప్రేమగానే చెప్పింది, అదీ దరిద్రం. ఆ కాలంలో మగవాళ్ళు పెట్టుడు జుట్టు పెట్టుకొని వెనకాల రిబ్బను కట్టేవారంది. మెడ కింది కుచ్చులు చొక్కావి, ఇదిగో కోటు గుండీలు, ఇదిగో గడ్డం గీసిన దవడ, అని వేలితో చూపించింది. మొండయ్య నవ్వాడు. ఏం చెయ్యాలో తెలియనివాడు నవ్వే నవ్వు అది. ఉప్పలమ్మ చేతిలో మంచినీళ్ళ చెంబు మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఆ బిళ్ళ ఆ ఇంట్లో ఏ పని చేస్తున్నదో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. గాజులు తొడిగించుకొని, సంతోషంగా వెళ్ళిపోయింది.

అదీ కొట్లాట.

అటువైపు మాటలు ఆగిపోయేసరికి రామన్న పట్టకారు చేతిలోనే పట్టుకొని చుట్టూ తిరిగి ఆ ఇంటికి పోయాడు. ఉప్పలమ్మ గడప మీద కూర్చొని ఉంది. కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకుంది. మొండయ్య మూలన గోడకు ఆనుకొని పెట్టె వైపు చూస్తున్నాడు.

“నువ్వే కట్టినవ్ గద బావా. నీకూ తెలువదా?”

వెండి సంగతైతే తెలుసు గానీ దొరల జుట్టు సంగతి నాకేం తెలుసమ్మా అన్నాడు రామన్న. అది నిజమే. ఆ నిజం చెప్పినందుకు అతనికేం హాయి అనిపించలేదు.

పరాయి మగాడి బొమ్మ మోసినందుకు ఏడుస్తున్నదేమోనని, తెలియక చేసినదానికి తప్పేముంది, ఎవరూ ఏమీ అనుకోరని సర్దిచెప్పబోయాడు. ఉప్పలమ్మ తల అడ్డంగా ఊపింది.

“గది గాదు బావా. ఎవరన్నా నవ్వితె నవ్వని. ఇన్నేండ్ల నుంచి నా మొదటి ముద్ద గీ పరాయి మొగోడు తిన్నడు. అక్కకు ఒక్కనాడు పెట్టలే. అక్క ఆకలితోనె ఉన్నది.”

మూలన మొండయ్య మొకం రెండు చేతులతో కప్పుకున్నాడు.

రామన్న దగ్గరికి పోయి పట్టకారుతో కొక్కెం విప్పాడు. బిళ్ళ ఆమె అరచేతిలోకి జారింది. అలవాటు కొద్దీ కళ్ళకద్దుకోబోయి, సగంలో చెయ్యి ఆపేసింది. కాసేపు దాన్ని అట్లాగే పట్టుకొని చూసింది. ఎవరి కన్నకొడుకో ఏమో, ఇన్నేళ్ళు బొట్టు పెట్టిన, పారెయ్యలేను అంటూ పాత రవికగుడ్డలో చుట్టి పెట్టె మూత మీద పెట్టింది. తర్వాత మొగుడి వైపు తిరిగి, కోపం లేకుండా, పని చెప్పినట్టు చెప్పింది. అక్కకు అసలు రూపు కావాలి. అందరికీ కొట్టే అచ్చు వద్దు, అక్కదే కావాలి. పోయి అక్క ఎట్లుండేదో బావకు చెప్పు, బావ చేస్తడు. అది మెడలో పడేదాకా నేను ముద్ద ముట్టను.

ఆమె అన్న మాట తప్పే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం మొండయ్య కొట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. రామన్న వెండి రేకు కత్తిరించి, లక్క మీద అతికించి, సన్న ఉలి తీశాడు. మొకం చెక్కడం అతని విద్య కాదు. అయినా అడిగాడు, నొసలు ఎంతుండేది, విశాలమా, చిన్నదా?

మొండయ్య చెప్పడం మొదలుపెట్టాడు. నొసలు పైకి ఉంటుంది, జుట్టు పైకి దువ్వి, ముక్కు పొడుగ్గా... అని ఆగిపోయాడు. అది బిళ్ళ. మళ్ళీ మొదలుపెట్టాడు. గడ్డం కొంచెం ముందుకు వచ్చి, మెడ మీద... మళ్ళీ బిళ్ళే. కళ్ళు మూసుకున్నాడు.

మొకం వదిలేసి వేరే చెప్పసాగాడు మొండయ్య. చెయ్యి చెప్పాడు. గాజు కొలత రెండుంబావు, కుడిచేతికి కొంచెం బిగువు. బొటనవేలి కింద కండ మెత్తన, నొక్కితే గాజు దానంతటదే చేతికెక్కేది. ఎడమ మణికట్టు మీద పాలు పొంగి కాలిన మచ్చ. గాజులోడు చెయ్యి చూడాలి గానీ ఆడవాళ్ళ మొకం చూడొద్దని చిన్నప్పుడే తండ్రి నేర్పాడట. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదన్నాడు. ఊరూరి ఆడవాళ్ళ చేతులు ఇప్పుడు కళ్ళు మూసుకొని చెప్పగలడు. కట్టుకున్నదాని గొంతు చెప్పగలడు, నడక చెప్పగలడు, ఆమె ఆడిన మాటలన్నీ చెప్పగలడు. మొకం దగ్గరికి వచ్చేసరికి ఆ తెల్లటిది వచ్చి అడ్డం నిలబడుతున్నది.

“పక్కకే చూస్తదన్నా. ఎంత పిలిచినా నా దిక్కు తిరుగది.”

మొండయ్య చెయ్యి చాపి రామన్న చేతిలోని ఉలిని మెల్లగా తీసి కింద పెట్టాడు.

“రూపు తర్వాత చేద్దువు. నువ్వు చూసినవ్ గదన్నా ఆమెను, గిదే కొట్ల, గిదే పీట మీద. ముంగటికెల్లి ఎట్లుండెనో చెప్పు. ఉప్పలమ్మ కోసం గాదు. ముందు నాకు చెప్పు.”